దారి ఉన్నవాడి కూలి

పద్దెనిమిదో శతాబ్దం నడిమి దాకా మన కోస్తా నేతగాడికి ఒక విలువైన హక్కు ఉండేది. వర్తకుడి దగ్గర బయానా తీసుకుని మగ్గం ఎక్కాక కూడా, బేరం గిట్టదనుకుంటే ఆ డబ్బు తిరిగిచ్చేసి ఒప్పందం తెంచుకోవచ్చు. వర్తకుడికి ఆ వెసులుబాటు లేదు, ఒప్పుకున్న బట్ట కొనాల్సిందే. మచిలీపట్నం చుట్టుపక్కల డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు, దేశీ సాహుకార్లు ఒకే బట్ట కోసం పోటీ పడేవారు. ఊళ్లో పన్ను ఎక్కువైతే నేతగాళ్లు కుటుంబాలతో సహా ఇంకో సీమకు తరలిపోయేవారు. అక్కడి పాలకులు పన్ను తగ్గించి మరీ వాళ్లను నిలుపుకునేవారు.

ఆనాటి దక్షిణ భారత పనివాళ్ల సంపాదనను కొనగలిగిన ధాన్యంతో కొలిచి చూసిన చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి, అది ఇంగ్లండు పనివాళ్లకు తీసిపోయేది కాదని 1998లో రాశారు. ఆ లెక్కను అందరూ ఒప్పుకోలేదు, వాదం ఇంకా నడుస్తూనే ఉంది. కానీ తర్వాత జరిగిన దాని మీద పెద్దగా వివాదం లేదు. 1765 ఫర్మానా, 1768 ఒప్పందాలతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. కొనేవాడే పాలకుడయ్యాడు. బయానా తీసుకున్న నేతగాడు ఇంకొకరికి అమ్మకూడదన్నారు, బయానా తిరిగివ్వడానికీ వీల్లేదన్నారు, మగ్గాల దగ్గర బంట్రోతుల్ని కాపలా పెట్టారు. మాంచెస్టరు బట్ట మన సంతల్లోకి రావడానికి ఇంకా దశాబ్దాలు ఉంది. నేతగాడి చేతిలో పనితనం తగ్గలేదు. అయినా సంపాదన పడిపోయింది. పోవడానికి దారి మూసుకుపోయింది గనుక పడిపోయింది.

ఒకరి కూలికీ ఇంకొకరి కూలికీ తేడా ఎందుకన్న ప్రశ్నకు ఆడమ్ స్మిత్ 1776లో ఐదు కారణాలు చెప్పాడు. పని ఎంత కష్టం, ఎంత రోత. నేర్చుకోవడానికి ఎంత ఖర్చు. ఏడాది పొడుగునా దొరుకుతుందా లేదా. ఎంత నమ్మకం పెట్టాలి. అందులో నెగ్గే అవకాశం ఎంత. అర్థశాస్త్ర పాఠాలు ఈ జాబితాతోనే మొదలవుతాయి. అదే పుస్తకంలో స్మిత్ చెప్పిన ఇంకో మాటకు అంత పేరు రాలేదు. కూలి పెంచకూడదన్న కట్టు యజమానుల మధ్య ఎప్పుడూ ఉంటుందనీ, పని ఆగితే యజమాని ఏడాది నిలవగలడు గానీ పనివాళ్లలో చాలామంది వారం కూడా నిలవలేరనీ ఆయన రాశాడు. తెలుగు నేల మీద రెండున్నర శతాబ్దాల శ్రమ చరిత్రను చూస్తే నాకు ఆ ఐదు కారణాల కన్నా ఈ రెండో మాటే బలంగా కనిపిస్తుంది. పని విలువ, నైపుణ్యం, ఉత్పాదకత అన్నీ లెక్కలోవే. కానీ వాటి ఫలం పనివాడి చేతికి చేరుతుందా లేదా అన్నది, అతను ఈ పని వదిలి ఇంకో పనికి పోగలడా, పోయేదాకా తిండి ఉందా అన్న దాన్ని బట్టి తేలింది.

పల్లెలో ఆ దారి చాలామందికి ఎన్నడూ లేదు. పాలేరుకు ఏడాది జీతం ధాన్యంలో; పెళ్లికో జబ్బుకో ముందుగా తీసుకున్న అప్పు ఆ జీతంలోంచి ఎప్పటికీ తీరదు. చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి కల్లం దగ్గర మేర, అంటే పంటలో వాటా. మాదిగకు, మాలకు అందరికన్నా చివరి వంతు. ఈ వాటాలను గిరాకీ, సరఫరా నిర్ణయించలేదు. పుట్టుక నిర్ణయించింది. 1843లో బానిసత్వాన్ని చట్టం గుర్తించడం మానేసింది. పాలేరు బతుకులో దానివల్ల మారింది తక్కువ, ఎందుకంటే అతన్ని కట్టేసింది బానిస పత్రం కాదు, అప్పు, సొంత భూమి లేకపోవడం.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి డెల్టా రైతు ఇప్పటికీ దండ వేస్తాడు, అది న్యాయమే. కరువుకు ఎండిన నేల ధాన్యాగారమైంది. భూమి ధర పెరిగింది, కౌలు పెరిగింది, రైతుబిడ్డలు కాలేజీలకు వెళ్లారు. అదే నీళ్లలో నడుం వంచి నాటు వేసిన కూలీ వాటా మాత్రం పంట పెరిగినంత పెరగలేదు. ఎందుకో అర్థం కావాలంటే 1954లో ఆర్థర్ లూయిస్ రాసిన వ్యాసం చదవాలి. కరిబియన్ దీవి సెయింట్ లూషియాలో పుట్టి, తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆయన. మెట్ట సీమల్లో బతుకు గడవని జనం లెక్కకు మించి ఉన్నంతకాలం, పచ్చటి సీమలో కూలి ఆ మెట్ట బతుకుకు కాస్త పైన మాత్రమే నిలుస్తుందన్నది ఆయన వాదం సారాంశం. డెల్టా కోతలకు విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి గుంపులుగా దిగిన వలస కూలీలే దానికి సాక్ష్యం. డెల్టా కూలిని డెల్టా పంట నిర్ణయించలేదు, ఉత్తరాంధ్ర మెట్ట నేల నిర్ణయించింది.

రాయలసీమ కథ మరీ కఠినం. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం రాళ్లు కొట్టి, చెరువులు తవ్వి కరువు కూలి తీసుకున్నారు. 1877లో వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కాసిని చిల్లర పైసలకు కోసేశాడు. ఎక్కువిస్తే జనం మామూలు పనులకు పోరన్నది ఖజానా వాదన. ఆ తిండితో రోజంతా మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ లెక్కలతో సహా పోరాడాడు. కొన్ని నెలలకు కూలి సవరించక తప్పలేదు, ఈలోపు పోయిన ప్రాణాలు పోయాయి. టెంపుల్ చేసింది క్రూరమే గానీ, అందులో ఒక సంగతి అతను సరిగ్గా పట్టుకున్నాడు. సర్కారు పనికి ఇచ్చే కూలి ఎంతో, ఊళ్లో ఆసామి ఇచ్చే కూలికి అదే అట్టడుగు మెట్టు. దాన్ని దించితే అన్నీ దిగుతాయి. ఎత్తితే అన్నీ లేస్తాయని చూడటానికి అదే సీమ 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

నేతగాళ్లకు కంపెనీ చేసినదాన్ని బ్రిటిషు ప్రభుత్వం 1859లో అందరికీ చట్టంగా రాసింది. ఆ ఏటి 13వ చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని మానేస్తే అది అప్పు ఎగవేత కాదు, నేరం. మేజిస్ట్రేటు పనికి పొమ్మంటాడు, పోకపోతే జైలు. కూలి ఎగ్గొట్టిన యజమానికి అలాంటి శిక్ష లేదు. 1925లో రద్దయ్యేదాకా అరవై ఆరేళ్లు ఈ చట్టం బతికింది. అడ్వాన్సు అన్న మాట వింటే మన కూలీ కుటుంబాల్లో ఇప్పటికీ ఆశ, భయం రెండూ కలిసి కలగడానికి వెనుక ఇంత చరిత్ర ఉంది.

దారి లేనివాళ్లు సముద్రం మీద దారి వెతికారు. మారిషస్‌కు, నాటాల్‌కు, మలయాకు, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి తెలుగువాళ్లు వెళ్లారు. ఫిజీ ఒప్పందం ఐదేళ్లది. అందులో రోజు కూలి మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు కాబట్టి పావు వంతు కోత, చెరకు తోటలో అడుగు పెట్టకముందే, ఎవరెంత పని చేస్తారో చూడకముందే. ఆడ మగ కూలి తేడాకు బలాన్నీ సామర్థ్యాన్నీ కారణంగా చెప్పేవాళ్లకు ఆ కాగితం చూపించాలి.

రంగూను దారి వేరు. అక్కడికి ఐదేళ్ల ఒప్పందం లేదు, మేస్త్రీ ఉన్నాడు. కాకినాడ దగ్గరి కోరింగ రేవు పేరు మీద బర్మాలో మనవాళ్లందరికీ కోరంగీలన్న పేరు పడింది. బియ్యం మిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర, పాకీ పనిలో వాళ్లే. ఇంటి దగ్గరి కన్నా కూలి ఎక్కువే. కానీ ఓడ చార్జీ మేస్త్రీ అప్పు, తిండి మేస్త్రీ కొట్లో, జీతం మేస్త్రీ చేతి మీదుగా. మిల్లు యజమాని ఇచ్చేదానికీ కూలీ చేతిలో పడేదానికీ మధ్య ఒక్కో మెట్టు దగ్గర కొంత కరిగిపోయేది. అయినా ఆ మనియార్డర్లే శ్రీకాకుళం, విశాఖ, గోదావరి పల్లెల్లో అప్పులు తీర్చాయి, అరెకరం అరెకరం పొలాలు కొన్నాయి. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని ఆపారు. ఓడల కాంట్రాక్టర్లు బర్మా కూలీలను పెట్టుకున్నారు. రాజీ కుదిరి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది, మనవాళ్లు ఎంతోమంది చనిపోయారు. ఇరు పక్షాల పేదలూ ఒకే కూలి కోసం ఒకరినొకరు చంపుకున్నారు. ఆ కూలిని అంత తక్కువలో నిలబెట్టినవాళ్లకు గాయం కాలేదు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడటం మొదలయ్యాక లక్షల మంది భారతీయులు కాలినడకన బర్మా వదిలారు, దారిలో ఎందరో రాలిపోయారు.

పడమటి వైపు తెలంగాణ పద్మశాలీలు షోలాపూరు, ముంబై, భివండీ వెళ్లారు. ముంబై బట్టల మిల్లుల్లో మంచి జీతం దొరికేది నేత విభాగంలో. దళితులకు అందులో ప్రవేశం లేదు. నాడెలోని నూలు పోగును అక్కడ నోటితో పీల్చి లాగాలి, అంటరాని మనిషి నోరు తగిలిన నాడెను మిగతావాళ్లు ముట్టరు. 1928 మిల్లు సమ్మె రోజుల్లో అంబేడ్కర్ ఈ అన్యాయాన్ని సంఘాల ముందు నిలదీశాడు. కులం పనిని పంచదు, పనిచేసేవాళ్లను పంచుతుందని ఆయన 1936లో రాసిన వాదనకు మిల్లు షెడ్డే ఆధారం. స్మిత్ మొదటి కారణం ప్రకారం రోత పనికి ఎక్కువ కూలి రావాలి. మన దేశంలో మురుగు గుంటలో దిగే మనిషికి అందరికన్నా తక్కువ వచ్చింది, ఎందుకంటే ఇంకో పనికి పోవడానికి అతన్ని ఎవరూ రానివ్వలేదు. 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టాలు చేసినా మ్యాన్‌హోళ్లలో మనుషులు చనిపోతూనే ఉన్నారు. కోలారు బంగారు గనుల దగ్గరి తెలుగు కుటుంబంలో పుట్టి ఈ పనిని రూపుమాపడానికే జీవితం ఇచ్చిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వస్తే గర్వపడ్డాం. గర్వపడి ఊరుకున్నాం.

నిజాం తెలంగాణలో కూలి అన్న మాటకే అర్థం లేని పని ఒకటుండేది, వెట్టి. దొర గడీకి కట్టెలు, పల్లకీ మోత, పొలం పని, అన్నీ ఉచితం. దానికి తోడు భగేలా, అంటే అప్పుకు జీతం ఉండటం. తండ్రి అప్పుకు కొడుకు, అతని తర్వాత మనవడు. ధాన్యం అప్పుగా తెస్తే నాగు కింద ఒకటికి ఒకటిన్నర తిరిగి కొలవాలి. భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ 1936లో నిజాం ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది, అవి గడీ గోడ దాటి లోపలికి పోలేదు. ఆ పని 1946 తర్వాత సంఘాలు చేశాయి. తెలంగాణ సాయుధ పోరాటం అనగానే భూమి గుర్తొస్తుంది. వెట్టి ఆగడం, పాలేర్ల జీతాలు, కూలి రేట్లు పెరగడం కూడా ఆ పోరాటం సాధించినవే. ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య అంతకు ముందే నెల్లూరు జిల్లాలోని సొంతూరు అలగానిపాడులో వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టినవాడు.

అదే తెలంగాణలో 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడింది. వెట్టి ఊరి నుంచి పారిపోయిన మనిషికి గని ఒక ఆశ్రయం, ప్రాణం పణంగా పెట్టి దొరికిన ఆశ్రయం. సంఘం బలంతో, జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలతో అక్కడి పర్మినెంటు కార్మికుడు ఇవాళ ఎందరో చదువుకున్నవాళ్ల కన్నా మెరుగైన జీతం అందుకుంటున్నాడు. అతని పక్కనే కాంట్రాక్టు కార్మికుడు అందులో చిన్న భాగం అందుకుంటాడు. నేల ఒకటే, దుమ్మూ ఒకటే. ఈ తేడాకు చదువుతో, నైపుణ్యంతో కారణం చెప్పడం కుదరదు. ఒకరి వెనుక ఒప్పందం ఉంది, ఇంకొకరి వెనుక లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలకు కొదవ లేదు. 1948లో కనీస వేతనాల చట్టం, 1976లో వెట్టి కార్మిక నిర్మూలన, అదే ఏడు సమాన వేతనం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. ఈ చట్టాల మధ్యలోంచే పాలమూరు కూలీ నడిచాడు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి ఎత్తింది మహబూబ్‌నగర్ మనుషులే. గుంపు మేస్త్రీ దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చి జంటకు ఇంత అని అడ్వాన్సు ఇచ్చేవాడు. అది ఊళ్లో అప్పుకు, పెళ్లికి అయిపోయేది. తర్వాత నెలల తరబడి అతను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ, ఎన్ని గంటలంటే అన్ని గంటలు. సొంత జిల్లా బీడు పడి ఉండగా పరాయి సీమల్లోకి నీళ్లు పారించిన మనుషుల చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీకైనా నోచుకోకపోవడం నన్ను బాధపెడుతుంది.

1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు ఎవరైనా పనిచేస్తున్నాడంటే అది ఇష్టంతో చేస్తున్న పని కాదు, ఆకలి బలవంతంతో చేస్తున్నది, కాబట్టి రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అది. ఇష్టపడే వచ్చాడు కదా అన్న వాదనకు ఇంతకన్నా సూటి జవాబు నేను చదవలేదు.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపు తెరుచుకుంది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి మేస్త్రీలు, కూలీలు, కడప, కోనసీమ నుంచి ఇంటి పనికి ఆడవాళ్లు. చేసే పని ఊళ్లో చేసిందే, మనిషీ అతనే, కూలి మాత్రం ఎన్నో రెట్లు. మనిషి సామర్థ్యం విమానంలో పెరగదు కదా. పనిచేసే చోటు ఆర్థిక వ్యవస్థే కూలిని పెంచింది. కానీ అక్కడా దారికి గొళ్లెం ఉంది. అక్కడి కఫాలా పద్ధతి కింద యజమాని ఒప్పుకోకుండా పని మారడానికి చాలాకాలం వీల్లేకపోయింది, పాస్‌పోర్టు అతని బీరువాలో. ఒకే పనికి పనివాడిది ఏ దేశమన్న దాన్ని బట్టి జీతం మారేది. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ వెళ్లేవాళ్ల కనీస జీతాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. లేకపోతే ఉద్యోగాలు ఇతర దేశాలవాళ్లకు పోతాయన్నది కారణం. తెలంగాణ గల్ఫ్ సంఘాలు హైకోర్టు దాకా వెళ్లి పోరాడాయి, 2021లో వాటిని వెనక్కి తీసుకున్నారు.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. కంప్యూటరు ఉద్యోగానికి ఎక్కువ జీతం రావడంలో వింత లేదు. అమెరికా గిరాకీకి మన చదువు నేరుగా తగిలింది, చదివినవాళ్లు తక్కువ. ఆ చదువు ముందుగా ఎవరికి అందింది? ఆనకట్ట నీళ్లతో భూమి విలువ పెరిగిన ఇళ్లకు. దళిత, బీసీ ఇళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజినీరింగ్ అందేసరికి పట్టభద్రులు లక్షల్లోకి చేరారు, కొత్తగా చేరేవాడి ఏడాది జీతం ఏళ్ల తరబడి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగింది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు తలుపు తెరిచే ఉంది, లోపల చోటు ఇరుకైంది. అమెరికా వెళ్లిన మనవాళ్ల మంచి జీతాల మీద కూడా వీసా నీడ ఉంది. హెచ్-1బీ ఉద్యోగికి పని పోతే దేశంలో ఉండటానికి సాధారణంగా రెండు నెలల గడువు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల భారతీయుల వరుస దశాబ్దాలు సాగుతుంది. రంగూను కూలీ కష్టానికీ వీళ్ల ఇబ్బందికీ పోలిక పెట్టడం అన్యాయం. బేరమాడే శక్తి తగ్గే తీరు మాత్రం ఒకటే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. టెంపుల్ కూలి తగ్గించిన సీమలోనే. పని అడగడం హక్కైంది, ఆడ మగ రేటు ఒకటైంది. కొలతల దగ్గర గొడవలు, డబ్బు ఖాతాలో పడటంలో ఆలస్యాలు, దొంగ మస్టర్లు అన్నీ ఉండేవి. అయినా నాటుకు, కలుపుకు పిలిచే ఆసామితో ఈ రేటుకు రామని చెప్పే ధైర్యం ఆడకూలీలకు చాలాచోట్ల మొదటిసారి వచ్చింది. పొలం పనుల రోజుల్లో ఉపాధి పనులు ఆపమని రైతులు ఎన్నేళ్లుగానో అడగడమే దాని బలానికి రుజువు. చిన్న రైతు కష్టం నిజం, గిట్టుబాటు ధర లేనివాడు ఎక్కువ కూలి ఎక్కడి నుంచి తెస్తాడు? కానీ ఆ లోటును బురదలో వంగిన నడుము తీర్చాలనడం నేను ఒప్పుకోను.

ఇప్పుడు గుంటూరు, ఖమ్మం మిరప తోటల్లో కాయ కోసేది ఛత్తీస్‌గఢ్, ఒడిశా కూలీలు. తెలంగాణ రైస్ మిల్లుల్లో బస్తా మోసేది బీహారీలు. 2020 మే 1న లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలతో దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. అదే నెలలో ధాన్యం దించడానికి మనుషుల్లేక మిల్లుల కోసం బీహారు నుంచి హమాలీలను రైల్లో రప్పించారు. కోరంగీలన్న పేరుతో రంగూనులో మన తాతలు మోసిన బస్తాలే ఇవి, మేస్త్రీ పద్ధతీ అదే. వాళ్లకు రాతపూర్వకమైన కూలి చీటీ వాళ్ల భాషలో ఇవ్వాలి, అడ్వాన్సు ఎంత, ఎంత తీరింది అన్నది ప్రతి నెలా అందులో ఉండాలి, మిగిలింది కట్టేసి వెళ్లిపోతానంటే ఆపే హక్కు ఎవరికీ లేదని మిల్లు గోడ మీద రాసి ఉండాలి. 1750లో కోస్తా నేతగాడికి ఉన్న హక్కుకు మించి ఇందులో ఏదీ లేదు. అది అమలు చేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్న కార్మిక శాఖకు సరిపడా ఇన్‌స్పెక్టర్లను వేసి, వాళ్లను మిల్లుల్లోకి, మిరప కల్లాల్లోకి పంపితే చాలు.